ముంపు చేలో సార్వా: కోత రోజు నుంచి వెనక్కి లెక్క కట్టు, తమ్ముడూ

తమ్ముడూ, వయసులో చిన్నవాడివని నువ్వు అంటున్నాను, ఏమీ అనుకోకు. నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. గోదావరి డెల్టాలో ఎర్రకాలువ వాగు పక్క పల్లంలో నాన్నగారికి రెండెకరాల సొంత చేను, పక్కన ఎకరన్నర కౌలు, సార్వాలో, అంటే వానాకాలం వరిలో, రకం ఎప్పుడూ స్వర్ణే. 2023లో వానలకి ఆకుమడి, అంటే నారుమడి, పాడై జూలై 10న రెండోసారి పోశారు, కోతకొచ్చేసరికి మిచౌంగ్ తుఫాను. 2024 జూలైలో ఊడ్చిన, అంటే నారు నాటిన, పది రోజులకే ఎర్రకాలువ పొంగి చేను మునిగింది. ఈసారి గెలుద్దామని 2025లో జూన్ 1నే ఆకుమడి పోస్తే అక్టోబరు చివర మొంథా వచ్చి పండిన చేనంతా నేలకు పరిచేసింది. "వాతావరణం మారిపోయింది, మూడున్నర ఎకరాల రైతు ఏం మార్చుకుంటే నిలబడతాడు, లేకపోతే చేపల చెరువుకి లీజుకిచ్చేయమంటారా" అని అడిగావు.

నేను ముప్పై ఏళ్లకు పైగా ఇదే డెల్టాలో వరి చేస్తున్నాను, సొంతం రెండున్నర, కౌలు మూడు. నీకు తగిలిన దెబ్బలన్నీ నాకూ తగిలాయి, కొన్ని నీకంటే ముందే. అందుకని ఎక్కడో చదివింది కాకుండా చేలో చేసి చూసిందే ఎక్కువ చెబుతాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు, నాన్నగారికి కూడా చదివి వినిపించు.

ముందు ఒక కాగితం మీద లెక్క వెయ్యి. స్వర్ణ, అంటే ఎంటీయూ 7029, 1982లో మార్టేరు వరి పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన రకం. దాని కాలం 145 నుంచి 150 రోజులు. 148 అనుకుందాం. జూలై 10న విత్తనం పోస్తే 148వ రోజు ఏదో తెలుసా? డిసెంబరు 5. మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది 2023లో సరిగ్గా ఆ రోజే. జూన్ 1న పోస్తే 148వ రోజు అక్టోబరు 27. మొంథా నరసాపురం దగ్గర తీరం దాటింది 28 రాత్రి. అంటే నాన్నగారు ఒకసారి కంటే ఇంకోసారి దాదాపు నలభై రోజులు ముందుగా పోసినా, రెండుసార్లూ చేను మొత్తం ఒకే రోజున పండి తుఫానుకి ఎదురుగా నిలబడింది. ఇందులో నాన్నగారి తప్పేం లేదు. మనందరం నేర్చుకున్న పద్ధతే అది, నీళ్లు వదిలారా, దమ్ము చేశామా, ఊర్లో అందరితో కలిసి ఊడ్చేశామా అన్నదే. కోత ఎప్పుడొస్తే అప్పుడు.

ఇప్పుడు లెక్క తిరగేయాలి. కోత ఏ వారంలో పడాలో ముందు అనుకుని, అక్కడి నుంచి వెనక్కి వచ్చి విత్తనం రోజు, రకం పెట్టుకోవాలి. 2022లో ప్రభుత్వం గోదావరి డెల్టాకి జూన్ 1నే నీళ్లు వదిలింది, నవంబరు తుఫానుల కంటే ముందే కోత అయిపోవాలన్న ఆలోచనతోనే. ఆలోచన మంచిదే, నేనూ సంతోషించాను. కానీ మన తీరంలో అక్టోబరు రెండో వారం నుంచి డిసెంబరు మూడో వారం దాకా ఎప్పుడైనా తుఫాను రావచ్చు. 1977 దివిసీమ ఉప్పెన నవంబరు 19, 1996 కోనసీమ తుఫాను నవంబరు 6, హెలెన్ 2013 నవంబరు 22, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12, పెథాయ్ 2018 డిసెంబరు 17. ఈ తేదీలు చూశాక ఫలానా వారం భద్రం అని ఎవరైనా చెబితే నేను నమ్మను. ఎవరికీ తెలియని దాని మీద మూడున్నర ఎకరాలు ఒకే పందెం కాయడం మానేయాలి, నా సలహాలన్నిటిలో మొదటిది ఇదే.

ఎలా మానేయాలంటే, చేను రెండు ముక్కలు చెయ్యి. మెరక ముక్క ఒకటి, పల్లం ముక్క ఒకటి. మెరక ముక్కలో 120 నుంచి 135 రోజుల్లో వచ్చే రకం, పల్లంలో 150 రోజుల రకం. ఒకే రోజున విత్తినా కోతకి మధ్య రెండు నుంచి నాలుగు వారాల తేడా వస్తుంది. విత్తడంలో కూడా ఓ పది రోజులు ఎడం పెడితే ఇంకా మంచిది. ఒక తుఫాను వస్తే ఒక ముక్క అప్పటికే బస్తాల్లో ఉంటుంది, లేకపోతే ఇంకా పచ్చిగా పాలు పోసుకునే దశలో ఉండి గాలికి అంతగా పడదు. నేను ఇలా చేస్తున్నప్పటి నుంచి రెండు ముక్కలూ ఒకేసారి పోయిన ఏడాది లేదు. కోత మిషన్ రెండుసార్లు పిలవాలి, అదొక ఇబ్బంది, చిన్న చేనుకి మిషన్ వాళ్లు రామంటారు. పక్క గట్టు రైతుతో మాట్లాడుకుని ఇద్దరూ ఒకే కాలం రకం పక్కపక్కన వేసుకుంటే ఆ ఇబ్బంది తీరిపోతుంది.

ఇక ముంపు సంగతి. నీకు స్వర్ణ సబ్-1 గురించి ఎవరో చెప్పారన్నావు, అది వేస్తే ముంపు భయం లేదన్నారన్నావు. సగం నిజం. ఒడిశాలోని ఒక పాత నాటు రకం నుంచి ఎంచిన ఎఫ్ఆర్13ఏ అనే వరిలో ముంపు తట్టుకునే గుణం ఉంది, దాన్ని మన స్వర్ణలోకి తెచ్చి 2009లో మన దేశంలో విడుదల చేశారు. మామూలు వరి నీట మునగ్గానే గాలి కోసం ఆకు సాగదీస్తుంది, ఉన్న బలమంతా ఆ సాగడంలోనే ఖర్చయిపోతుంది, నీళ్లు తీశాక చూస్తే పాలిపోయి, తోటకూర కాడలా వాలిపోయి ఉంటుంది. సబ్-1 ఉన్న మొక్క సాగదు. ఊపిరి బిగబట్టినట్టు కదలకుండా ఉండి బలం దాచుకుంటుంది, నీళ్లు దిగాక ఆ బలంతో కొత్త ఆకు తీస్తుంది. రెండు వారాల దాకా మునిగినా బతుకుతుంది. కాబట్టి 2024 జూలైలో నీకు వచ్చినట్టు, ఊడ్చాక పిలకల దశలో, అంటే దుబ్బు పక్క కాడలు వేసేటప్పుడు, నిండా మునిగి పది రోజుల్లో నీళ్లు దిగిపోయే చేనుకి అది చాలా మంచి విత్తనం.

కానీ మోకాలి లోతు నీళ్లు నెలల తరబడి దిగకుండా ఉండే పల్లానికి ఆ గుణం పనికిరాదు. కంకి పొట్టలో ఉన్నప్పుడూ, ఈనిక మీద, అంటే కంకి బయటికి వచ్చేటప్పుడూ మునిగితే అప్పుడూ కాపాడదు. కోతకొచ్చిన చేను పడిపోయి నీళ్లలో నానితే దానికీ మామూలు స్వర్ణకీ తేడా లేదు. అందుకే రకం అడిగేముందు, నీ చేను ఎప్పుడు మునుగుతుంది, ఎంత లోతు, ఎన్ని రోజులు అని అడగాలి. నిలవ నీరుండే పల్లాలకి మన వాళ్లు ఎంటీయూ 1061 ఇంద్ర, 1064 అమర వేస్తున్నారు, రెండూ మార్టేరువే. మీ ఊళ్లో ఆ పల్లంలోనే ఎవరు ఏం వేసి నిలబెట్టుకున్నారో నాన్నగారికి బాగా తెలిసి ఉంటుంది, అది విత్తన షాపు మాట కంటే ఎక్కువ.

ముంపు వచ్చాక చాలామంది చేసే తప్పు ఒకటుంది, నేనూ చేశాను. నీళ్లు దిగిన మర్నాడే కంగారుపడి యూరియా బస్తా విప్పి చల్లేయడం. ఆగు. ముందు చేలోకి దిగి నాలుగు చోట్ల నాలుగు దుబ్బులు పీకు. వేరు కడిగి, మొదలు దగ్గర గోటితో నిలువునా చీల్చి చూడు. లోపలి సుడి తెల్లగా, గట్టిగా, నొక్కితే చిట్లేలా ఉంటే ఆ దుబ్బు బతికినట్టే, పైన ఆకు ఎంత కుళ్లినా సరే. గోధుమరంగు తిరిగి మెత్తగా, వాసన కొడుతూ ఉంటే పోయింది. 2024లో నా చేలో పైనుంచి చూస్తే అంతా పోయినట్టే కనిపించింది, మా ఇంట్లో వాళ్లు దున్నేద్దామన్నారు, చీల్చి చూస్తే పదింట ఆరేడు దుబ్బులు తెల్లగా ఉన్నాయి. దున్నలేదు. వారం తర్వాత కొత్త ఆకు ఈటెలా పైకి వచ్చింది, అప్పుడు ఎకరాకి 20 కేజీల యూరియా, 10 కేజీల పొటాష్ కలిపి వేశాను. మొక్కకి తాగే ఓపిక వచ్చాకే మందు పెట్టాలి, ఊపిరే లేనప్పుడు యూరియా వేస్తే ఉన్నదీ కుళ్లుతుంది.

ఎర్రకాలువ నీళ్లు ఎర్రమట్టితో వస్తాయి కదా, నీళ్లు దిగాక ఆకు మీద బురద పొరలా ఎండిపోయి అతుక్కుంటుంది. ఆ పొర ఉంటే ఆకు ఎండకి పనిచేయదు. చిన్న కమతం వాడికి ఇక్కడ ఒక సౌలభ్యం ఉంది, స్ప్రేయర్‌లో వట్టి మంచినీళ్లు పోసుకుని ఆకు కడిగేయొచ్చు. ఎకరా కడగడానికి ఒక పూట పడుతుంది. పిచ్చి పనిలా కనిపిస్తుంది కానీ చేసి చూడు, కడిగిన మడికీ కడగని మడికీ పది రోజుల్లో రంగు తేడా తెలుస్తుంది.

పోయిన చోట్ల ఖాళీలు ఎలా? రెండు దారులు. ఒకటి, బతికిన బలమైన దుబ్బుల్ని పిలకలు చీల్చి ఖాళీల్లో నాటడం, మన తాతల కాలం నుంచి ఉన్నదే, కూలీ దొరికితే ఇదే మేలు, పంట ఒకే ఈడుగా వస్తుంది. రెండోది, ముందుచూపుతో ఆకుమడి కాస్త ఎక్కువ పోసి ఉంచుకోవడం. ఎకరాకి ఐదు సెంట్ల ఆకుమడి చాలు కదా, నువ్వు మూడున్నర ఎకరాలకి పదిహేడున్నర సెంట్ల బదులు పాతిక సెంట్లు పొయ్యి, ఆ మిగులు ఊళ్లో మెరక మీద, అవసరమైతే ఎవరి పెరట్లోనో పెట్టు. ముంపు రాకపోతే ఆ ఆకు ఎవరికో అమ్ముడుపోతుంది, లేదా పశువులకి పోతుంది. వస్తే మాత్రం బంగారం. 2024లో మా వైపు ఆకు కోసం ట్రాక్టర్లు వేసుకుని మెట్ట ఊళ్లకి తిరిగారు. ఆకుమడి మునిగితే నీళ్లు తీసేసి, ఐదు సెంట్లకి ఒక కేజీ యూరియా, ఒక కేజీ పొటాష్ వేస్తే తేరుకుంటుంది.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే విషయానికి వస్తాను, మురుగు. రకాలు మార్చు, తేదీలు మార్చు, చేలో నీళ్లు బయటికి పోయే దారి లేకపోతే ఏదీ నిలబడదు. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయిన దగ్గర్నుంచి డెల్టాకి నీళ్లు తేవడం మీద పెట్టినంత శ్రద్ధ తీయడం మీద పెట్టలేదు. 2011లో కోనసీమ రైతులు దాదాపు లక్ష ఎకరాలు సార్వా వేయకుండా వదిలేసి క్రాప్ హాలిడే అన్నారు. గిట్టుబాటు ధర, కూలీలతో పాటు మురుగు కాలువలు పూడిపోవడం కూడా అప్పట్లో వాళ్లు చెప్పుకున్న బాధే. పద్నాలుగేళ్లు దాటింది, ఇప్పుడు వాన ఇంకా దారుణంగా పడుతోంది. ఒక నెలలో పడాల్సింది రెండు రోజుల్లో కురుస్తుంది. అదే కాలువ, అదే తూము, పైగా గుర్రపుడెక్క చాపలా పరుచుకుని ఉంటుంది.

మా పంట బోదె చివర మురుగు కోడు, అంటే చేల నీళ్లు బయటికి పోయే కాలువ, ఉంది. దాని పూడిక కోసం ఒక ఆఫీసు చుట్టూ రెండేళ్లు తిరిగాం, అర్జీలు ఇచ్చాం, ఫొటోలు ఇచ్చాం. చివరికి ఆ కోడు మీద ఆధారపడ్డ పద్నాలుగు మంది రైతులం రావిచెట్టు కింద కూర్చుని ఎకరాకింత అని వేసుకున్నాం, కౌలు చేస్తున్నవాళ్లు సగం, భూమి ఆసామి సగం అని ఒప్పించడానికే పది రోజులు పట్టింది. మే ఆఖరి వారంలో కాలువలు కట్టేసి ఉండగా పొక్లెయిన్ పెట్టి కిలోమీటరున్నర తీయించాం. ఒక చోట ఎవరో దారికోసం తూము బదులు సన్న పైపు వేసి మట్టి కప్పేశారు, అసలు అడ్డమంతా అక్కడే. అది తీసి పెద్ద తూము వేశాక, అంతకుముందు నా పల్లం ముక్కలో ఆరేడు రోజులు నిలిచే నీరు ఇప్పుడు రెండున్నర రోజుల్లో దిగుతోంది. ఎంటీయూ 7029 మామూలు విత్తనానికి ఆరు రోజుల ముంపుకీ రెండు రోజుల ముంపుకీ మధ్య చావుబతుకుల తేడా ఉంటుంది. నేను నా చేలో పెట్టిన ఏ ఖర్చూ దీనంత ఫలితం ఇవ్వలేదు. ఇది ఒక్కడివల్ల అయ్యే పని కాదు, అందుకే నీకు గట్టిగా చెబుతున్నాను, ఈ వేసవిలో రకం వెతకడం కంటే ముందు మీ మురుగు కోడు వెంట చివరిదాకా నడిచి ఎక్కడ అడ్డం ఉందో చూడు.

చేను పడిపోవడం గురించి. తుఫాను గాలికి ఏ చేనైనా పడుతుంది, కానీ మామూలు వానకి కూడా పడిపోయే చేలు చాలావరకు మన చేతుల్లోనే అలా తయారవుతున్నాయి. పక్కవాడి చేను కంటే పచ్చగా కనిపించాలని యూరియా దట్టంగా వేస్తున్నాం, కాడ ఏపుగా, డొల్లగా పెరుగుతుంది, దుబ్బు మొదట్లో గాలి ఆడక సుడిదోమ చేరుతుంది, దోమ పీల్చిన చేను అసలు నిలబడదు. యూరియా మూడు దఫాలుగా, ఊడ్పుకి, పిలకలకి, కాడ లోపల కంకి మొదలయ్యే చిరుపొట్టకి మాత్రమే వెయ్యి. ఆ తర్వాత ఆకు కాస్త పాలిపోయినా చెయ్యి కట్టుకుని కూర్చో. పొటాష్ సగం దమ్ములో, సగం చిరుపొట్టలో. ప్రతి రెండు మీటర్లకీ తూర్పు పడమరలుగా జానెడు కాలిబాట వదులు. ఊడ్చే కూలీలు ఒప్పుకోరు, గట్టు మీద నిలబడి తాడు పట్టుకుని వదిలించాలి.

ఇంకోటి, పిలకలు వచ్చాక ఒకసారి చేను ఆరగట్టు. నేల సన్నగా నెర్రె ఇచ్చేదాకా, కాలు పెడితే అచ్చు పడేలా, అంతకంటే ఎక్కువ కాదు. వేరు కిందికి దిగుతుంది, కాడ గట్టిపడుతుంది. నాన్నగారికి మొదట నచ్చకపోవచ్చు, చేలో నీళ్లు లేకపోతే మనవాళ్లకి నిద్రపట్టదు, మా నాన్న కూడా రాత్రిపూట లేచి వెళ్లి మడవ తీసి నీళ్లు పెట్టేవారు.

ఊడ్చకుండా విత్తనం నేరుగా చేలో వెదజల్లడం గురించి అడిగావు. ఊడ్పు కూలీ ఖర్చు తప్పుతుంది, పంట వారం పది రోజులు ముందే వస్తుంది, ఆకుమడి పోయడం ఆలస్యమైన ఏడాది ఆ పది రోజులు చాలా విలువైనవి. కానీ నీ పల్లం ముక్కలో వద్దు. మొలకెత్తిన విత్తనం చల్లిన వారంలోపు ఒక్క గట్టి వాన పడితే అంతా కొట్టుకుపోయి ఒక మూలకి చేరుతుంది. వేరు పైపైనే ఉంటుంది కాబట్టి పడిపోవడం కూడా ఎక్కువ. ఊద కలుపు మొదటి నెలలోనే అణచకపోతే ఆ తర్వాత కూలీలకి అయ్యే ఖర్చు ఊడ్పు ఖర్చుని మించిపోతుంది. మెరక ముక్కలో డ్రమ్ సీడర్‌తో, అంటే విత్తనం వరసల్లో వేసే పరికరంతో, ఒక అర ఎకరం చేసి చూడు, నచ్చితే పెంచుకో.

కోత దగ్గర టెన్షన్ పడకుండా కొన్ని పనులు చేసుకోవచ్చు. వాతావరణ శాఖ వాళ్ల వ్యవసాయ బులెటిన్ జిల్లాకి మంగళవారం, శుక్రవారం వస్తుంది, మేఘదూత్ యాప్‌లో చూడొచ్చు, అక్టోబరు నుంచి ఆ రెండు రోజులూ తప్పకుండా చదువు. వాయుగుండం అని వినగానే చాలామంది పరుగెత్తి పచ్చిచేనుని కోసేస్తారు. కోసి పన మీద, అంటే నేల మీద పరిచి, ఉన్న చేను కంటే నిలబడి ఉన్న చేనే భద్రం. నీళ్లలో నానిన పన మూడు నాలుగు రోజుల్లో మొలక వేస్తుంది, నిలబడ్డ చేను తడిసినా గాలికి ఆరుతుంది. నూర్పిడి అయి ధాన్యం బరకాల కిందికి చేరేంత సమయం ఉందనుకుంటేనే కొయ్యి. ఇప్పటికే కోసేసి ఉంటే మాత్రం ఆరలేదని చూడకుండా కుప్ప వేసెయ్యి.

పడిపోయిన చేనుని నీళ్లు తీసేసి, నాలుగైదు దుబ్బులు కలిపి జడలా కట్టి లేపి నిలబెట్టాలి. ఎకరా మొత్తం చేయలేకపోయినా కంకి నీళ్లలో ఆనుతున్న చోటైనా చెయ్యి. తర్వాత ఉప్పు నీళ్లు. లీటరు నీటికి 50 గ్రాముల గళ్లుప్పు కరిగించి, వడకట్టి, కంకులు తడిసేలా కొట్టు, మొలక ఆగుతుంది. మొంథా తర్వాత నేను రెండు రోజులు ఈ పనే చేశాను. భుజాన ట్యాంకు, పడిన చేలో అడుగు తీసి అడుగు వేయడం, చేతులకి పుండ్లున్న చోట ఉప్పు మంట. ఉప్పు నీళ్లు పడని మూలలో కంకి తీసి చూస్తే గింజ గింజకీ తెల్లటి ముక్కు వచ్చింది, ఉప్పు నీళ్లు పడిన చోట అక్కడొకటి ఇక్కడొకటి. నూర్చిన ధాన్యం తడిసి ఎండ దొరకకపోతే క్వింటాలుకి ఐదు కేజీల పొడి ఉప్పు, ఇరవై కేజీల పొడి ఊక కలిపి పోగు పెడితే వారం దాకా పాడవకుండా ఉంటుంది, ఎండ వచ్చాక ఆరబోసి ఊక ఎగరబోసుకోవచ్చు. విత్తనం కొనేటప్పుడే ఈ రకానికి నిద్రావస్థ ఎన్ని రోజులు అని అడుగు. పండిన గింజ కొన్నాళ్లు మొలకెత్తకుండా ఉండే గుణం అది, మన తీరానికి దిగుబడి ఎంత ముఖ్యమో అదీ అంతే ముఖ్యం.

ఇంత కష్టం ఎందుకంటే ధర అక్కడే పోతుంది. 2025-26 సీజనులో మద్దతు ధర సాధారణ రకానికి క్వింటాలు 2,369 రూపాయలు, మన 75 కేజీల బస్తాకి లెక్కేస్తే 1,777 దగ్గర పడుతుంది. తేమ 17 శాతం దాటిందంటే ఆ రేటు దక్కదు, రంగు మారిందన్నా, మొలక వచ్చిందన్నా బస్తాకింత అని తగ్గించి అడుగుతారు. అందుకే నలుగురు కలిసి ఒక తేమ మీటరు, నాలుగు మంచి బరకాలు కొనుక్కోండి.

దాళ్వా, అంటే సార్వా తర్వాత వేసే రెండో పంట గురించి కూడా ఒక మాట. సార్వాకి నీళ్లు శత్రువైతే దాళ్వాకి ఎండ శత్రువు. పూత దశలో 35 డిగ్రీలు దాటితే పుప్పొడి ఎండిపోయి తాలు గింజ వస్తుంది, వరి పువ్వు విచ్చుకునేది పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం లోపే, ఆ కాసేపే కీలకం. రాత్రుళ్లు చల్లబడకపోయినా నష్టమే. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వాళ్లు తమ పొలాల్లో పాతికేళ్ల వాతావరణ లెక్కలు, దిగుబడి లెక్కలు చూసి, వేసవి పంటలో రాత్రి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే దిగుబడి పది శాతం తగ్గిందని 2004లో చెప్పారు. కాబట్టి దాళ్వా ఆకుమడి డిసెంబరు మొదటి వారం దాటనీయకు, 120 రోజుల రకం వెయ్యి, మార్చి మొదట్లో పూత అయిపోతుంది. జనవరిలో పోస్తే ఏప్రిల్ ఎండలో ఈనుతుంది. సార్వా ఆలస్యమైన ఏడాది దాళ్వా వరి వదిలేసి మినుము చల్లుకో, నీళ్లూ తక్కువ, నేలకీ మంచిది.

దాళ్వా నీళ్లు గోదావరిలో సహజంగా వచ్చేవి చాలవు, సీలేరు నుంచి కరెంటు ఉత్పత్తి చేసి వదిలే నీళ్ల మీద ఆధారపడతాం, అందుకే చివరికి వంతులు పెడతారు. వంతు ఆలస్యమైతే గుండె ఆగినంత పని అవుతుంది కానీ నిజానికి వరికి ఎప్పుడూ నీళ్లు నిలిచి ఉండక్కర్లేదు. అడుగు పొడవు ప్లాస్టిక్ పైపు ముక్క తీసుకుని కింది సగానికి రంధ్రాలు పెట్టి, ఆ సగం చేలో దించి లోపలి మట్టి తీసెయ్యి. లోపల నీటి మట్టం కనిపిస్తుంది. నేల మీద నుంచి 15 సెంటీమీటర్ల కిందికి దిగేదాకా నీళ్లు పెట్టక్కర్లేదు. పూతకి వారం ముందు నుంచి వారం తర్వాత దాకా మాత్రం రెండు అంగుళాల నీరు తప్పనిసరి. వేలెడు నీళ్లు కనిపించకపోతే కంగారుపడే రైతుకి ఆ పైపులోకి చూపిస్తే ధైర్యం వస్తుంది, మా ఊళ్లో ఒకళ్లని చూసి ఒకళ్లు పెట్టుకున్నారు. నీళ్లు నిలిచిన చేలోంచి వచ్చే మీథేన్ కూడా దీనివల్ల తగ్గుతుంది.

చెరువు లీజు మాట. ఎకరాకి వచ్చే డబ్బు చూస్తే ఎవరికైనా మనసు లాగుతుంది, కష్టంలో ఉన్న రైతుని నేను తప్పుపట్టను. కానీ తవ్విన నేల మళ్లీ వరికి రావడం చాలా కష్టం. ఉప్పునీటి రొయ్య అయితే పక్క నాలుగు చేలూ చవుడు తేలతాయి, చెరువు గట్లు మురుగు దారికి అడ్డం పడి ఊరి మీదికి నీళ్లు తన్నుతాయి. నీ రెండెకరాలు తవ్వితే నీ పక్కన రెండెకరాల కౌలు రైతు మునుగుతాడు. నన్ను అడిగావు కాబట్టి చెబుతున్నాను, వద్దు.

కాగితాలు నిర్లక్ష్యం చేయకు. ఊడ్చిన వెంటనే ఈ-క్రాప్‌లో, అంటే ప్రభుత్వ పంట నమోదులో, పేరు ఎక్కిందో లేదో నువ్వే వెళ్లి చూసుకో. కౌలు ఎకరన్నరకి నాన్నగారి పేరున సాగు హక్కు కార్డు ఉందా? లేకపోతే పంట పోయినప్పుడు పరిహారం భూమి ఆసామి ఖాతాలో పడుతుంది, నాకు రెండుసార్లు అలాగే జరిగింది, అడగలేక ఊరుకున్నాను. 33 శాతం, అంతకుమించి పోతేనే పరిహారానికి రాస్తారు, అందుకే నీళ్లు ఉండగానే తేదీ పడేలా ఫొటోలు తీసి పెట్టు. ఫసల్ బీమాకి రైతు వాటా ప్రీమియం సార్వా వరికి 2 శాతం, దాళ్వాకి ఒకటిన్నర శాతం. కోసి చేలో ఆరబెట్టిన పంట 14 రోజుల్లోపు తుఫానుకి తడిసినా ఆ పథకం నిబంధనల్లో చోటుంది, 72 గంటల్లోపు సమాచారం ఇవ్వాలి. మొంథా రాత్రి మాలో ఆ సంగతి గుర్తున్నవాళ్లు ఇద్దరే.

ఇక నీ చేనుకి ఏ రకం అన్నది నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను. ఒక పని చెయ్యి. నాన్నగారిని తీసుకుని చేలోకి వెళ్లి, 2024 ముంపులో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో, ఏ మడి ముందు తేలిందో, ఏది చివర తేలిందో, ఎన్ని రోజులు పట్టిందో ఆయన చెబుతుంటే కాగితం మీద గీసుకో. ఆయనకి ప్రతి మడీ గుర్తుంటుంది. మురుగు కోడులో మీ చేను నుంచి ఎంత దూరంలో మొదటి తూము ఉందో కూడా రాయి. ఆ కాగితం ఫొటో తీసి ఇక్కడ పెట్టు, మే లోపు ఇద్దరం కలిసి తేదీలు వేద్దాం.